పసివాళ్ల కోసం రాసిన ఒక కాగితం

చెరలో పసిపిల్లలు అనగానే మన ఇళ్లలో కంసుడి పేరే వస్తుంది. భాగవతంలో కంసుడి మంత్రులు అతణ్ణి ఇంకా ఎగదోసినవారే గాని, వద్దని వారించినవారు కారు. కొలువులో ఒక్కడైనా కాదని ఉంటే ఏమయ్యేది? నాకు దీనికి జవాబు పురాణంలో కాదు, రెండవ ప్రపంచయుద్ధ చరిత్రలో దొరికింది.

ఉక్రెయిన్‌లో కీవ్ నగరానికి దక్షిణాన సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో బీలా త్సెర్క్వా అనే ఊరుంది. ఆ పేరుకు తెల్ల చర్చి అని అర్థం. 1941లో హిట్లర్ సైన్యం ఆ ఊరిని ఆక్రమించింది. ఆగస్టులో అక్కడి యూదులను, ఆడవాళ్లని కూడా చూడకుండా, కాల్చి చంపారు. వాళ్ల పిల్లలు తొంభై మంది దాకా మిగిలారు. అందరూ చంటిబిడ్డల నుంచి ఆరేడేళ్ల లోపు వాళ్లే. వాళ్లను ఊరి అంచున ఒక ఇంట్లో పడేసి కాపలా పెట్టారు. తిండి లేదు, నీళ్లు లేవు. గోడల సున్నం గీకి తిన్నారట. రాత్రంతా ఆ ఏడుపులు విని, దగ్గరలో బసచేసిన జర్మన్ సిపాయిలే తట్టుకోలేక తమ మతగురువులతో మొరపెట్టుకున్నారు.

ఆ కబురు 295వ డివిజన్‌లో లెఫ్టినెంట్ కల్నల్ హెల్ముట్ గ్రోస్కుర్ట్ బల్లమీదికి వచ్చింది. ఆయన ఒక పాస్టరు కొడుకు, హిట్లర్ అంటే ముందునుంచీ గిట్టనివాడు. ఆగస్టు 20న స్వయంగా వెళ్లి చూశాడు. పిల్లలకు రొట్టె, నీళ్లు ఇమ్మన్నాడు. వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన లారీని ఆపించాడు. ఊరి కమాండరు మాత్రం ఆ పిల్లలు పోవలసిందేనన్నాడు. గ్రోస్కుర్ట్ ఊరుకోక పై కార్యాలయాలకు ఫోను చేశాడు. సంగతి ఆరవ సైన్యాధిపతి, ఫీల్డ్ మార్షల్ వాల్టర్ ఫాన్ రైషెనావు దాకా వెళ్లింది.

రైషెనావు ఒప్పుకోలేదు. మొదలుపెట్టిన పని సక్రమంగా పూర్తిచేయమన్నాడు. ఆగస్టు 22న ఉక్రెయిన్ సాయుధ దళంవాళ్ల చేత ఆ పిల్లలను కాల్పించారు. అక్కడ ఉన్న ఎస్సెస్ అధికారి ఆగస్ట్ హేఫ్నర్ చాలా ఏళ్ల తరువాత ఇచ్చిన వాంగ్మూలంలో, ఒక చిన్నపిల్ల వచ్చి తన చెయ్యి పట్టుకుందని చెప్పాడు. ఆ పిల్లనూ వదల్లేదు.

గ్రోస్కుర్ట్ అప్పటికే జరిగినదంతా నివేదికగా రాసి పైకి పంపాడు. మన సైన్యం చేసేది శత్రువు చేసే ఘోరాలకు భిన్నంగా లేదని అందులో పెట్టాడు. రైషెనావుకు కోపం వచ్చింది పిల్లల సంగతికి కాదు, ఆ కాగితానికి! అది నలుగురి చేతుల్లో పడిందనీ, అసలు రాయకుండా ఉండవలసిందనీ తిరుగు జవాబిచ్చాడు.

గ్రోస్కుర్ట్‌ను మహాత్ముణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆ నివేదికలోనే, పిల్లలను ఇలా హింసించే బదులు మొదటే చంపి ఉండవలసిందన్న మాట కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పైవాళ్లు వింటారని ఆ భాషలో రాశాడో, అంత కొలువులో ఉండి ఆయన మనసూ కొంత మొద్దుబారిందో మనం తేల్చలేం. ఆ తరువాత కూడా ఆయన అదే సైన్యంలో కొనసాగాడు. స్టాలిన్‌గ్రాడ్‌లో బందీగా చిక్కి 1943 ఏప్రిల్‌లో టైఫస్ జ్వరంతో పోయాడు. రైషెనావు అంతకు ముందే, 1942 జనవరిలో పోయాడు.

ముప్పై ఏళ్లుగా బ్యాంకు ఫైళ్ల మధ్య బతుకుతున్నవాణ్ణి. మేనేజరు సరేనన్న కాగితం మీద కిందివాడు ‘నాకు సమ్మతం కాదు’ అని రాసి సంతకం పెట్టడం ఎంత కష్టమో ఎరుగుదును. మాకు పోతే బదిలీయో, ప్రమోషనో పోతుంది. అక్కడ పోయేది అంతకంటే పెద్దదే కావచ్చు. అయినా ఆయన రాశాడు.

ఆ రాత పిల్లలను కాపాడలేదు. కాపాడిందల్లా రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో పై వాళ్లలో ఒక్కరు సరేనన్నా వాళ్లు బతికేవారు. కనుక ‘మాకేం తెలుసు, పై ఉత్తర్వు’ అనే సాకు అక్కడ ఎవరికీ మిగల్లేదు. ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు కాదన్నారో తేదీలతో సహా మనకు తెలుస్తున్నది ఆ కాగితం వల్లనే. ఆ తొంభై మంది పేర్లు అందులో లేవు. కాని వాళ్లు ఏడ్చారనీ, ఆ ఏడుపు విన్నవాళ్లు ఉన్నారనీ ఉంది.

ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలకు జీతం, సెలవులు, ప్రమోషన్ల సంగతులు చెబుతాం. పైవాడు తప్పు చెప్పినప్పుడు మర్యాదగా, స్పష్టంగా, కాగితం మీద కాదనడం కూడా ఉద్యోగధర్మమేనని ఒక మాట చెప్పి పంపుదాం.