కడలి అడుగున కాపురములు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను దాటి కొంతదూరము పోయినచో మా నాదర్‌గుల్ వచ్చును. ఇచ్చట బండలు కలవు, పొలములు కలవు, చెరువులు కలవు. సముద్రము మాత్రము లేదు. సముద్రమును చూడవలెనన్న ఒక రాత్రి యంతయు ప్రయాణము చేయవలెను. అయినను సముద్రగర్భమున జరుగు నొక వింతను చెరువుగట్టుననే కొంతవరకు గ్రహింపవచ్చును. వేసవిలో నీరు తగ్గినపుడు పెద్దలను తోడుంచుకొని, పొడవైన కఱ్ఱతో అంచునందలి బురదను కదలించి చూడుడు. బుడబుడమని బుడగలు పైకి లేచును. కుళ్లిన గ్రుడ్డు వాసనయు ముక్కునకు తగులును.

ఈ బుడగ లెట్లు పుట్టినవి? ఆకులు, అలములు బురదలో పూడిపోయి, గాలి సోకక కుళ్లునపుడు సూక్ష్మజీవులు వానిని తిని మీథేను అను వాయువును విడుచును. గోబర్‌గ్యాసు పొయ్యిలో నీలముగా మండునది ఈ మీథేనే. దుర్వాసన గలది హైడ్రోజను సల్ఫైడు అను వేఱొక వాయువు. బంగాళాఖాతములో, కృష్ణా గోదావరీ ముఖద్వారముల కెదురుగా, మిక్కిలి లోతున ఇట్టి బుడగలే లేచుచున్నవి. వాని చుట్టును ఎన్నియో చిన్న ప్రాణులు కాపురముండుచున్నవి. ఆ కాపురము లెట్టివో, అవి యెంత సుకుమారమైనవో తెలిసికొందము.

పూర్వము శాస్త్రజ్ఞులు సైతము అగాధజలమున ప్రాణి యుండదని తలంచిరి. 1840 ప్రాంతమున ఎడ్వర్డు ఫోర్బ్సు అను ప్రకృతిశాస్త్రవేత్త సుమారు 550 మీటర్లకు దిగువన జీవము శూన్యమని ఊహించెను. 1872 మొదలు 1876 వరకు ‘ఛాలెంజరు’ అను ఓడ మహాసముద్రములను చుట్టివచ్చి, వేలకొలది మీటర్ల లోతునుండి వలలతో ప్రాణులను పైకి తీసినది. ఆ ఊహ తప్పని దానితో తేలిపోయెను. అటుపిమ్మట ‘ఇన్వెస్టిగేటరు’ అను ఓడపై ఆల్కాక్ అను వైద్యుడు మన బంగాళాఖాతపు లోతులను గాలించి, అచ్చటి చేపలను, పీతలను, రొయ్యలను వర్ణించెను.

అయినను అది సుఖముగా బ్రతుకదగిన చోటు కాదు. సుమారు 200 మీటర్లు దిగునప్పటికే మొక్కలు ఆహారము తయారుచేసికొనుటకు చాలినంత వెలుతురుండదు. 1,000 మీటర్లు దాటిన పిదప అంతయు కటికచీకటియే. ప్రతి 10 మీటర్లకును ఒక వాయుమండలపు బరువు అదనముగా మీద పడును. పైనీటిలో చచ్చిన ప్రాణుల తునుకలు, మలినములు మంచురేణువులవలె మెల్లగా రాలుచుండును. త్రోవలో అనేక ప్రాణులు తినగా మిగిలిన స్వల్పభాగమే అడుగునకు చేరును. ఆ పిడికెడు కూటితోనే బురదలోని సన్నని పురుగులును, గుల్లప్రాణులును కాలము గడుపుకొనవలెను. వీనిలో పెక్కింటి పొడవు ఒక మిల్లీమీటరైనను ఉండదు.

ఇట్టి పేదసీమలో అక్కడక్కడ సంపన్నములైన పల్లెలు కలవని ఇటీవలి కాలమున తెలియవచ్చినది. 1977లో గలపాగస్ దీవుల దాపున సముద్రపు అడుగున వేడినీటి ఊటలును, వాని చుట్టును క్రిక్కిరిసిన ప్రాణులును కనబడెను. 1984లో మెక్సికో సింధుశాఖనుండి చల్లని ఊటలను గూర్చిన వార్త వెలువడినది. 2018లో మన జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు ‘సింధు సాధన’ అను ఓడపై కృష్ణా గోదావరీ పరీవాహపు సముద్రభాగమున పరిశోధించి, 900 మొదలు 1,800 మీటర్ల లోతున అట్టి శీతల ఊటలను కనుగొనిరి. మన దేశపు జలములలో సజీవమైన ఊటలు తెలియవచ్చుట అదియే మొదటిసారి.

ఈ ఊటలకు మూలమైన సరుకు మన నేలనుండి పోయినదే. మా ప్రాంతమున కురిసిన వాననీరు మూసీలో కలియును. మూసీ వాడపల్లివద్ద కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవివద్ద సముద్రమును చేరును. ఇట్లు యుగయుగములుగా నదులు మోసికొనిపోయిన ఒండ్రుమట్టియు, ఆకులు అలములును కడలి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నవి. చెరువులో జరిగినట్లే అచ్చటను సూక్ష్మజీవులు వానిని కుళ్లజేసి మీథేనును పుట్టించినవి. అది పగుళ్లగుండ మెల్లగా పైకి ప్రాకును.

అడుగుతలమునకు చేరువగా వచ్చినంతనే ఈ మీథేనును పట్టుకొను సూక్ష్మజీవులు వేఱుగ కలవు. అవి సముద్రజలములోని సల్ఫేటు లవణమును తోడుచేసికొని మీథేనును వినియోగించును. దానివలన రెండు ఫలితములు కలుగును. మొదటిది, హైడ్రోజను సల్ఫైడు తయారగును. రెండవది, సున్నపురాయి గట్టిపడును.

హైడ్రోజను సల్ఫైడు మనకు విషము. ఊటవద్ద నివసించు ఆల్చిప్పలకు అది అన్నము. వాని మొప్పలలో ఒక జాతి బాక్టీరియా నివసించును. మొక్క సూర్యకాంతితో ఆహారము చేసికొనునట్లు ఆ బాక్టీరియా ఈ వాయువునుండి శక్తిని గ్రహించి ఆహారము వండును. ఆల్చిప్ప ఇల్లిచ్చును, బాక్టీరియా కూడుపెట్టును. గొట్టపుపురుగు అను ప్రాణికి పెరిగిన పిదప నోరును ఉండదు, ప్రేగును ఉండదు. తన దేహములోని బాక్టీరియా వండినదే దాని భోజనము.

ఇక గట్టిపడిన సున్నపురాయి విషయము. మెత్తని బురదలో కాలూనుటకు చోటులేని ప్రాణులకు ఆ రాయి పునాదియగును. దానిపై ఆల్చిప్పలు గుంపులుగా అతుకుకొనును. చిప్పల సందులలో నత్తలు, పలువిధముల పురుగులు, చిన్న చిన్న పీతజాతులు చేరును. చిప్పపై పేరుకొన్న బాక్టీరియాను నత్త నాకి తినును. చచ్చినదాని గుల్ల మఱియొకదానికి గూడగును. ఊరిలో ఒక చింతచెట్టు క్రింద ఎందఱో తలదాచుకొన్నట్లు, ఒక్క ఊటను ఆశ్రయించి ఎన్నియో జీవములు బ్రతుకును.

అయితే ఈ పల్లెలకు ఆధారము మిక్కిలి బలహీనమైనది. ఊట ఆగిపోయెనా, కూడు ఆగిపోవును. బురద ఎక్కువగా వచ్చి పడెనా, మొప్పలు మూసికొనిపోవును. రాయి పగిలెనా, కాలూను చోటుండదు. ఆ చల్లని లోకమున ఎదుగుదలయు మెల్లగానే సాగును. మెక్సికో సింధుశాఖలోని గొట్టపుపురుగులు కొన్ని రెండువందల యేండ్లకు పైగా బ్రతుకునని అంచనా వేసిరి. అట్టిదానిని నిమిషములో పెల్లగించినచో మరల ఎదుగుటకు ఎన్ని తరములు కావలెనో యోచింపుడు. 1989లో పెరూ దేశమునకు దూరముగా, 4,000 మీటర్లకు మించిన లోతున శాస్త్రజ్ఞులు పరీక్షార్థము సముద్రపు అడుగును నాగలితో దున్నినట్లు దున్నిరి. ఇరువదియాఱేండ్ల పిమ్మట, 2015లో పోయి చూడగా ఆ చాళ్లు ఇంకను చెరగలేదు. మన చేలో చాలు ఒక్క వానకే చెదరును గదా!

ఆ లోతులను కదలింపవలసిన అవసర మెవరికని మీ రడుగవచ్చును. మీథేను చలికిని, నీటి బరువునకును లోబడి నీటితో కలిసి మంచుగడ్డవలె గట్టిపడును. దానిని హైడ్రేటందురు. నిప్పు చూపిన మండును గనుక మండెడు మంచనియు పిలిచెదరు. ఒక ఘనపుమీటరు గడ్డలో సుమారు 160 ఘనపుమీటర్ల వాయువు ఇమిడియుండును. 2006లో ‘జాయిడిస్ రిజల్యూషన్’ అను ఓడ కృష్ణా గోదావరీ సముద్రభాగమున రంధ్రములు వేయగా, ఒకచోట సుమారు 130 మీటర్ల మందమున ఈ హైడ్రేటు గల పొర కనబడినది. మాకు చేరువనే, ఉప్పల్ దారిలోనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ధ్వనితరంగముల సాయమున ఇట్టి నిక్షేపములను గూర్చి పరిశోధించిరి. ఇంధనమునకు కొఱతగల దేశమునకు ఇది సామాన్యమైన నిధి కాదు.

ఒకప్పుడు తరగతిలో ఈ సంగతి చెప్పగా ఒక బాలుడు లేచి, “సార్! కంటికి కనబడని పురుగులకొఱకు వంటగ్యాసును వదలుకొనవలెనా?” అని అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. పొగపొయ్యి ముందు తల్లి దగ్గుటను చూచినవాడు అట్లే అడుగును. అతనితో నే నిట్లంటిని: “నాయనా! వదలుకొనుమని నేను చెప్పను. చేయిపెట్టుటకు ముందు అచ్చట ఏమున్నదో తెలిసికొనుమందును. ఆ సూక్ష్మజీవులు ఊరక తిని కూర్చుండుట లేదు. పైకి వచ్చు మీథేనులో అధికభాగమును అవి అడుగుననే పట్టి ఉంచుచున్నవి. మీథేను గాలిలో కలిసినచో, నూఱేండ్ల లెక్కను చూచినను, బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియైదు రెట్లకు పైగా భూమిని వేడెక్కించును. కావలివానిని త్రోసివైచి కొట్టు తెఱచుట వివేకమా?”

ఈ మాట మా ప్రాంతమువారికి దూరపు మాట కాదు. నగరము పెరుగుచుండగా ఎన్నియో చెరువులు, కాలువలు పూడి ఇండ్లస్థలములైనవి. బురదగుంటయే గదా యని తలంచితిమి. 2020 అక్టోబరున కుంభవృష్టి కురిసినపుడు తూర్పు హైదరాబాదులోని అనేక కాలనీలలో నీరు ఇండ్లలోనికి వచ్చినది. చెరువు చేయుచుండిన పని యేమో అది లేనినాడు తెలిసినది.

చెరువు మన కన్నుల యెదుట నున్నది. తప్పు తెలిసిన తరువాత దిద్దుకొనుటకు కొంత అవకాశము కలదు. కడలి అడుగు చీకటిలో నున్నది; అచ్చట జరిగిన చెఱుపును చూచువా రుండరు, దిద్దువారును ఉండరు. కావున ముందు తెలిసికొని, పిమ్మట తాకవలెను. మీలో ఎవరైన రేపు శాస్త్రజ్ఞులై ఓడ నెక్కి ఆ ఊటలకు ఎదురుగా నిలిచినపుడు, ఊరిచెరువులోని బుడగలను ఒక్కసారి తలంచుకొనుడు.