టీబీ తగ్గిపోయింది.. మరి దగ్గు ఎందుకు పోలేదు?

మందుల కోర్సు పూర్తయింది. తెమడ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. డాక్టర్ కూడా ఇక నయమైంది అన్నారు. అయినా పొద్దున లేవగానే అరగంట దగ్గు, అర కప్పు తెమడ. ఇలాంటి వాళ్లు మన బస్తీల్లో చాలామందే ఉన్నారు. మా అమ్మీ కూడా వాళ్లలో ఒకరు. 2011లో ఆమెకు టీబీ వచ్చింది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మందులు వేసుకుంది. టీబీ పోయింది కానీ దగ్గు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ దగ్గుకు ఒక పేరుందని తెలియడానికి మాకు ఎనిమిదేళ్లు పట్టింది. బ్రాంకియెక్టాసిస్. పలకడం కష్టం గానీ విషయం అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల లోపల కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. అది ఎప్పుడూ ఊగుతూ దుమ్మునీ తెమడనీ కొంచెం కొంచెంగా గొంతు వైపు నెట్టేస్తుంటుంది. టీబీ వల్ల గానీ, చిన్నప్పుడు గట్టిగా వచ్చిన నిమోనియా, కోరింత దగ్గు వల్ల గానీ ఈ గొట్టాల గోడలు దెబ్బతింటాయి. సాగిపోయిన ఎలాస్టిక్‌లా వెడల్పయిపోతాయి, మళ్లీ ముడుచుకోవు. నూగు కూడా పోతుంది. ఇక తెమడ పైకి రాదు, అక్కడే నిలిచిపోతుంది. నిలిచిన నీళ్లలో దోమలు పెరిగినట్టు అందులో క్రిములు పెరుగుతాయి. వాటివల్ల గోడ ఇంకా పాడవుతుంది, తెమడ ఇంకా ఎక్కువవుతుంది. బ్రిటన్‌కు చెందిన పీటర్ కోల్ అనే వైద్యుడు 1986లో దీన్ని ఒక విషవలయంగా వివరించారు.

మన దేశంలో ఈ జబ్బున్న 2 వేల మందికి పైగా రోగుల వివరాలతో 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అందులో మూడో వంతు కంటే ఎక్కువ మందికి కారణం పాత టీబీయే. మామూలు ఎక్స్‌రేలో ఇది సరిగ్గా కనిపించకపోవచ్చు, సీటీ స్కాన్‌లో తేలుతుంది. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఆ మచ్చను చూసి మా అమ్మీకి ఒకచోట రెండోసారి టీబీ మందులు మొదలుపెట్టబోయారు. తెమడ పరీక్ష చేయమని మేము పట్టుబడితే టీబీ లేదని వచ్చింది. మచ్చ వేరు, జబ్బు వేరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీబీనాట్ పరీక్ష ఉచితంగానే చేస్తారు, అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ జబ్బులో దగ్గును ఆపకూడదు. నూగు చేయాల్సిన పనిని ఇప్పుడు దగ్గు చేస్తోంది. మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి దగ్గును నొక్కేసే సిరప్‌లు తెచ్చేవాళ్లం. రెండు రాత్రులు హాయిగా పడుకునేది, మూడో రోజు జ్వరం వచ్చేది. నేను బీకాం చదివినదాన్ని, లెక్క రాయడం అలవాటు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, తెమడ ఎంత, రంగు ఏంటి, ఏ మందు వేసుకుంది అని రాయడం మొదలుపెట్టాను. నాలుగు నెలలకు తిరగేస్తే సిరప్ తాగిన ప్రతి వారం తర్వాత ఒక జ్వరం కనిపించింది. ఇదొక్కటే రుజువు కాదనుకోండి. కానీ ఆ నోట్‌బుక్ చూశాకే డాక్టర్ మాతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడారు.

దగ్గు దానంతటది వచ్చే దాకా ఆగకుండా, రోజుకు రెండు పూటలా మనమే తెమడ బయటికి తీసేయాలి. పొద్దున పరగడుపున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. అమ్మీకి ఫిజియోథెరపిస్ట్ నేర్పింది ఇలా ఉంటుంది. ముందు కూర్చుని భుజాలు వదులు చేసి, పొట్ట కదిలేలా మెల్లగా ఊపిరి తీసుకోవాలి. తర్వాత మూడు నాలుగు సార్లు గట్టిగా లోపలికి పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, వదలాలి. మళ్లీ మెల్లగా. ఆ తర్వాత నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టేలా 'హా' అని ఊదినట్టు గాలి వదలాలి. తెమడ గొంతు దాకా వచ్చాకే ఒక్క దగ్గు. ఇదంతా పది, ఇరవై నిమిషాల పని. ఊరికే గొంతు చించుకుని దగ్గితే తెమడ రాదు, పక్కటెముకలు మాత్రం నొప్పి పుడతాయి. ఊపిరితిత్తుల్లో ఏ భాగం పాడైందో చూసి ఏ పక్కకు తిరిగి పడుకుని చేయాలో కూడా చెబుతారు. కాబట్టి ఒక్కసారైనా ఎదురుగా చూసి నేర్చుకోవాలి. తెమడలో రక్తం పడేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. నెబ్యులైజర్ వాడితే మాస్క్‌ని, మందు కప్పుని రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే క్రిముల్ని మనమే లోపలికి పంపినట్టు.

ఆడవాళ్లు బయటికి చెప్పని సంగతి ఒకటుంది. గట్టిగా దగ్గినప్పుడు మూత్రం జారిపోతుంది. అమ్మీ ఈ సంగతి నాక్కూడా ఏళ్ల తరబడి చెప్పలేదు. బట్టలు పాడవుతాయని నీళ్లు తాగడం తగ్గించేసింది. నీళ్లు తగ్గితే తెమడ బంకలా అవుతుంది, ఇంకా ఎక్కువ దగ్గాలి. దీనికి కటి కండరాల వ్యాయామాలున్నాయి, దగ్గే ముందు ఆ కండరాల్ని బిగించడం నేర్పిస్తారు. డాక్టర్ మగాయన అయితే నర్సమ్మతోనైనా చెప్పండి. సిగ్గుపడి నీళ్లు మానేయకండి.

పొగ సంగతి చెప్పక్కర్లేదు గానీ, మన ఇళ్లల్లో సిగరెట్, బీడీ పొగ ఒక్కటే కాదు. జుమేరాత్ నాడు వేసే లోబాన్, అగర్‌బత్తీ, దోమల కాయిల్ కూడా పొగే. మేము కాయిల్ మానేసి దోమతెర కట్టాం.

రంజాన్‌లో ఇన్‌హేలర్ వాడితే రోజా చెడుతుందా అన్నదానిపై ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఆ సందేహంతో నెలంతా మందు మానేసేవాళ్లను చూశాను. రోజుకు రెండుసార్లు పీల్చే ఇన్‌హేలర్లను చాలామందికి సహెరీకి, ఇఫ్తార్‌కి మార్చుకోవచ్చు. షాబాన్‌లోనే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. ఉపవాసంతో ఆయాసం పెరుగుతుంటే రోగులకు దీన్‌లోనే సడలింపు ఉంది.

రోజూ వచ్చే తెమడ కంటే ఎక్కువైనా, ఆకుపచ్చగా చిక్కబడినా, ఆయాసం పెరిగినా డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. షాపులో దొరికే మూడు అజిత్రోమైసిన్ బిళ్లలతో ఇది తీరదు. ఈ జబ్బులో ఇన్ఫెక్షన్ వస్తే మామూలుగా 14 రోజుల దాకా యాంటీబయాటిక్ ఇస్తారు. ఏ క్రిమి ఉందో తెలియాలంటే మొదటి బిళ్ల వేసుకోకముందే తెమడ కల్చర్‌కి ఇవ్వాలి. రక్తం ఎక్కువగా పడితే తెల్లారే దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. సన్నని జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష మళ్లీ చేయించుకోండి. ఒకసారి వచ్చినవాళ్లకు ఇంకోసారి రాకూడదని ఏం లేదు. ఏటా ఫ్లూ టీకా, నిమోనియా టీకా గురించి కూడా అడగండి.

ఇక చుట్టాల సంగతి. కరోనా తర్వాత అమ్మీ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. దస్తర్‌ఖాన్ దగ్గర దగ్గితే పక్కనున్నవాళ్లు ప్లేటు తీసుకుని లేచిపోయేవాళ్లు. బ్రాంకియెక్టాసిస్ అంటుకునే జబ్బు కాదని ఎంతమందికని చెబుతాం? ఇప్పుడు ఫంక్షన్‌కి బయల్దేరే ముందు ఇంట్లోనే ఇరవై నిమిషాలు కూర్చుని తెమడ తీసేసుకుంటోంది. హ్యాండ్‌బ్యాగ్‌లో టిష్యూలు, మూతపెట్టే చిన్న డబ్బా, నీళ్ల బాటిల్. మొన్న మా ఖాలా కూతురి నికాహ్‌లో మూడు గంటలు ఉంది. రెండుసార్లు దగ్గింది. నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ పక్కన అదే రాశాను.