బండను బండతోనే మోయించే కడ్డీ

మందమర్రి కల్యాణి ఖని గనుల్లో బొగ్గు తవ్వే ఫేసు దగ్గరికి చేరిన సర్దార్, అంటే షిఫ్టులో భద్రత చూసేవాడు, ముందు పైకి చూస్తాడు. చేతిలోని కర్రతో పైబండను కొట్టి చెవి ఒగ్గుతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది. అట్లా పలికిందంటే దాన్ని గడ్డపారతో రాల్చేయాలి, లేదంటే సపోర్టు పెట్టేదాకా దాని కిందికి ఎవరినీ పోనివ్వకూడదు.

ఇక్కడి బొగ్గు ప్రాణహిత-గోదావరి లోయది. దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట నదులు పరిచిన ఇసుక, ఒండ్రు, కుళ్లిన చెట్టూచేమా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఇసుకరాయిగా, షేల్‌గా, బొగ్గుగా మారాయి. మధ్యమధ్యలో బంకమట్టి పొరలు కూడా ఉంటాయి. పైకప్పుతో వచ్చే చిక్కంతా ఈ పొరలతోనే. బొగ్గులో తవ్విన దారి, అంటే గ్యాలరీ మీద వందల మీటర్ల మందాన రాయి ఉన్నా, ఆ బరువులో ఎక్కువ భాగాన్ని పక్కన తవ్వకుండా వదిలిన బొగ్గు పిల్లర్లే మోస్తాయి. మనం ఆపాల్సింది నెత్తిమీది ఒకట్రెండు మీటర్ల బండనే. మనిషి ప్రాణం తీసేది కూడా అదే.

1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి తవ్వకం మొదలైన నాటి నుంచి దశాబ్దాల పాటు ఆ బండను ఆపే పని చేసింది కర్ర. నిలువు ప్రాపులు, అడ్డంగా దూలాలు, బండ మరీ చెడ్డగా ఉన్నచోట దుంగలను గళ్లుగా పేర్చిన చాక్‌లు. వాటిని నిలిపే టింబర్‌మన్ అంటే గనిలో గౌరవం ఉన్న మనిషి. కర్రకు ఒక గొప్ప గుణం ఉంది: విరగబోయే ముందు కిర్రుమంటుంది, పేలుతుంది, పారిపోవడానికి టైమిస్తుంది. అయితే బండ కిందికి జారి తనను నొక్కితే తప్ప అది బరువు మోయడం మొదలుపెట్టదు. అప్పటికే పొరలు ఒకదాన్నొకటి విడిచేసి ఉంటాయి. పైగా గని తేమకు కర్ర పుచ్చుతుంది, గ్యాలరీ మధ్యలో నిలబడి యంత్రాలకు అడ్డం వస్తుంది.

కింద నుంచి మోయడం మాని, లోపలి నుంచే బండను కుట్టేద్దామన్న ఊహకు జర్మనీలో 1913లోనే పేటెంటు తీసుకున్నారు. 1920లలో అమెరికాలోని మిస్సోరీ సీసపు గనులు ఆ పని చేసి చూపాయి. 1943లో వీగెల్ అనే ఇంజనీరు రాసిన వ్యాసంతో అది మిగతా గనుల ఇంజనీర్ల దాకా చేరింది. 1947 తర్వాత అమెరికా గనుల బ్యూరో పట్టుబట్టి బొగ్గు గనుల్లో ప్రచారం చేయడంతో రూఫ్ బోల్టు వందల గనుల్లోకి పాకింది.

చూడటానికి అది ఒట్టి ఉక్కు కడ్డీ: 22 మిల్లీమీటర్ల లావు, మీటరున్నర నుంచి 1.8 మీటర్ల పొడవు, కింద ఒక పలక, ఒక నట్టు. ఇది రెండు విధాలుగా పనిచేస్తుంది. పైన గట్టి ఇసుకరాయి అందుబాటులో ఉంటే మెత్తని కింది పొరను దానికి వేలాడదీస్తుంది. గట్టి పొర అందకపోతే పలచని పొరలన్నింటినీ కలిపి బిగించి, ఒకదాని మీద ఒకటి జారనివ్వకుండా ఒక్క దూలంగా మారుస్తుంది. లెక్క చూడండి: ఒకే మందం ఉన్న నాలుగు పొరలు విడివిడిగా వంగడానికి బదులు ఒక్కటిగా వంగితే బలం నాలుగు రెట్లవుతుంది, కుంగుడు పదహారో వంతుకు పడిపోతుంది. అదనంగా మోసేవాడెవడూ రాలేదు, ఆ బండే తనను తాను మోసుకుంటోంది.

1950లలో ఆస్ట్రేలియా స్నోయీ మౌంటెన్స్ సొరంగాల్లో పనిచేసిన టామ్ లాంగ్ అనే ఇంజనీరు దీన్ని నమ్మనివాళ్ల కోసం ఒక ప్రయోగం చేశాడు. బకెట్లో విడి కంకర నింపి, నమూనా బోల్టులు వరసగా అమర్చి, నట్లు బిగించి, బకెట్‌ను తలకిందులు చేశాడు. కంకర పడలేదు. ముక్కకు ముక్క అతకకపోయినా, నొక్కిపట్టే బలం సరిపడా ఉంటే విడి రాళ్లు కూడా ఒక్క బండలా నిలుస్తాయి. నాకు తెలిసినంతలో ఇంజనీరింగ్‌లో ఇంత చవకగా, ఇంత స్పష్టంగా రుజువైన సత్యాలు తక్కువ.

నట్టు కింద ఉండే పలకది చిన్న పాత్ర అనుకోవద్దు. 15 సెంటీమీటర్ల చదరపు ఉక్కు పలక లేకపోతే నట్టు షేల్‌ను పిండి చేసుకుంటూ లోపలికి దిగిపోతుంది. ఇంట్లో గాజు అక్వేరియంలో పెద్ద రాళ్లు పేర్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు. నీటి బరువు గాజు అడుగంతటా సమంగా పరుచుకుంటుంది. రాయి మాత్రం ఏదో ఒక కొన మీద నిలిచి, బరువంతా ఒక్క చోట మోపుతుంది. అందుకే రాయికీ గాజుకూ మధ్య ప్లాస్టిక్ జాలీనో ఫోమునో పరుస్తారు. అక్కడ బరువు పైనుంచి గాజు మీద పడుతుంది, ఇక్కడ బండ పలక మీదికి దిగుతుంది. రెండు చోట్లా చేయాల్సింది ఒత్తిడిని పరచడమే.

కడ్డీని బండకు అతికించేది కూడా మారుతూ వచ్చింది. మొదట్లో కొనను చీల్చి చీల కొట్టేవారు, తర్వాత విచ్చుకునే ఉక్కు తొడుగులు పెట్టారు. మన గనుల్లో సిమెంటు క్యాప్సూల్ చాలాకాలం నడిచింది: దాన్ని నీళ్లలో నానబెట్టి, రంధ్రంలోకి తోసి, వెనకే కడ్డీని ఎక్కిస్తారు. అది పూర్తి పట్టు సాధించాలంటే గంటలు పడుతుంది. రెజిన్ క్యాప్సూల్‌లో జిగురు, గట్టిపరిచే మందు సన్నని పొర తేడాతో వేర్వేరుగా ఉంటాయి. కడ్డీ గిర్రున తిరుగుతూ దాన్ని చీల్చి, రెంటినీ కలుపుతుంది. నిమిషం లోపే బిగుసుకుంటుంది. కడ్డీ చుట్టూ సందు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉంటేనే అది సరిగ్గా కలుస్తుంది. రంధ్రం లావైనా, క్యాప్సూల్ కాలం దాటినా పట్టు చిక్కదు. కింద నుంచి చూస్తే మాత్రం మంచి బోల్టూ చెడ్డ బోల్టూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని లాగి పరీక్షించే జాకీ అందుకే ఉంది.

ఎన్ని బోల్టులు పెట్టాలో చెప్పే లెక్క మన దేశంలోనే తయారైంది. ధన్‌బాద్‌లోని గనుల పరిశోధన సంస్థ, ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ కలిసి 1980ల చివర్లో పైకప్పుకు నూటికి మార్కులు వేసే పద్ధతి తెచ్చాయి: పొర మందానికి 30, పగుళ్ల తీరుకు 25, తడికి నానే గుణానికి 20, రాతి బలానికి 15, ఊటకు 10. గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లు, బండకు 50 మార్కులు అనుకుంటే చదరపు మీటరుకు మూడు టన్నులకు పైగా బరువు ఆపాలి. మీటరుకు కాస్త పైన, 1.2 మీటర్ల ఎడంగా బోల్టులు కొడితే ఒక్కొక్కటి నాలుగున్నర టన్నుల పైచిలుకు మోస్తుంది. కడ్డీ ఉక్కు దాదాపు 15 టన్నులు ఓర్చుకోగలదు. మార్కులు తగ్గితే బోల్టుల మధ్య ఎడం తగ్గించాలి. ఇందులో బేరం లేదు.

బేరమాడితే ఏమవుతుందో అమెరికా చూసింది. బోల్టు వచ్చాక గని ఖాళీగా, విశాలంగా కనిపించింది, యంత్రాలు వేగంగా తిరిగాయి, ఉత్పత్తి పెరిగింది. కానీ కంపెనీలు బోల్టులు తగ్గించి వాడటంతో తొలి పదేళ్లకు పైగా పైకప్పు కూలి పోయే ప్రాణాల రేటు చెప్పుకోదగినంత తగ్గలేదు. 1969లో కఠినమైన చట్టం చేయాల్సి వచ్చింది.

ఉక్కు కర్రలా కిర్రుమనదు. ఆ లోటు తీర్చడానికి టెల్‌టేల్ అనే పరికరం పెడతారు. పైన లోతుగా పాతిన తీగ కొనకు రంగు పట్టీలుంటాయి. పొరలు విడిపోయి కప్పు దిగేకొద్దీ ఆకుపచ్చ మాయమవుతుంది, తర్వాత పసుపు, ఆ తర్వాత ఎరుపు. 2017 బొగ్గు గనుల నిబంధనలు ప్రతి భూగర్భ గనికీ కప్పు కదలికను గమనించే ప్రణాళిక ఉండి తీరాలన్నాయి.

2021 నవంబర్ 10న మందమర్రి పొరుగునే శ్రీరాంపూర్ ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. బోల్టింగ్ ఇంత ఎదిగిన కాలంలో కూడా ఫేసు పక్కన బొగ్గు తీసిన వెంటనే బయటపడే ‘గ్రీన్ రూఫ్’ దగ్గరే ప్రమాదం పొంచి ఉంటుంది. బోల్టు కొట్టేవాడు నిలబడాల్సింది సరిగ్గా అక్కడే. కొత్తగూడెం వీకే-7 గనిలో 2006లో వచ్చినట్టు, బొగ్గును ఆగకుండా కోసే కంటిన్యువస్ మైనర్ యంత్రం ఉన్న చోట్ల బోల్టర్ యంత్రం తన చేతులతో డ్రిల్ చేస్తుంది, మనిషి ఉక్కు గొడుగు కింద ఉంటాడు. చేతి డ్రిల్లుతో నడిచే సెక్షన్లో అతనికున్న రక్షణ ముందుగా నిలిపే తాత్కాలిక ప్రాపులే. బొగ్గు ఎంత తొందరగా కావాలన్నా, ఆ ప్రాపులు బిగిసేదాకా షిఫ్టు ఆగాలి.