కందిలి మర తిప్పినట్టు

సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది, లాంతరు పేరు మాత్రం మారదు. మరాఠీలో కందీల్, తెలుగులో కందిలి. లాటిన్‌లో కొవ్వొత్తిని ‘క్యాండెలా’ అనేవారు. ఆ మాటే గ్రీకు, అరబ్బీల మీదుగా నడిచి మన చూరు కిందికొచ్చింది. కాంతి తీవ్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం పేరూ క్యాండెలాయే.

బుగ్గ డబ్బా మీద ఉండే లెక్క వేరు. అది ల్యూమెన్లలో ఉంటుంది. బుగ్గ అన్ని వైపులా చిమ్మే మొత్తం వెలుగన్నమాట. అందులో పుస్తకం మీద పడిందెంతో చెప్పేది లక్స్. చిన్న బుగ్గకూ పుస్తకానికీ దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతుకు దిగిపోతుంది. దూలానికి వేలాడే 20 వాట్ల బుగ్గ కంటే చేతికందే ఎత్తులో ఉన్న 5 వాట్ల టేబుల్ లైటు చదువుకునే పిల్లకు మేలు చేసేది అందుకే.

2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ బుగ్గలు ఊరూరా చేరాయి. 9 వాట్లతోనే పాత 60 వాట్ల బుగ్గంత వెలుగు! కరెంటు బిల్లు తగ్గింది, బుగ్గను ఎక్కడ పెట్టాలన్న ఆలోచన మాత్రం పాతదే. చాలా ఇళ్లలో హోల్డరు గోడకే, కూర్చున్న మనిషి చూపుకు తిన్నగా ఉంటుంది. దాని ఎదురుగా చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరే ముసలమ్మను చూడండి. ఒక చెయ్యి బియ్యంలో, రెండోది నుదుటి మీద. శుక్లాలున్న కంటిలో వెలుగు చెదిరి పొగమంచులా పరుచుకుంటుంది, రాయీ గింజా కలిసిపోతాయి. మిరుమిట్లంటే ఇదే. ఇంకా పెద్ద బుగ్గ పెడితే ఇంకా కనబడదు. ఆమె అరచెయ్యి చేస్తున్న పని బుగ్గకు తొడిగిన షేడ్ చెయ్యాలి.

ఈ కిటుకు మహారాష్ట్రలో ప్రతి దీపావళికీ గుమ్మం ముందు వేలాడుతుంది. ఆకాశ్ కందీల్ లోపలా మామూలు బుగ్గే ఉంటుంది. చుట్టూ ఉన్న రంగు కాగితం ఆ వెలుగును తన ఒళ్లంతా పరుచుకుంటుంది, పిల్లలు తేరిపార చూడగలుగుతారు.

ఇక రంగు. 2700 కెల్విన్ అంటే పసుపుపచ్చని వెలుగు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. కెల్విన్ వేడిని కొలిచే ప్రమాణం కాబట్టి, అంకె పెరిగేకొద్దీ ‘కూల్’ అనడం కాస్త తిరకాసే. రంగు మార్చుకునే ఎల్‌ఈడీలో రెండు రకాల దీపాలుంటాయి, వాటి పాళ్లు మార్చితే రంగు మారుతుంది. పని దగ్గర తెలుపు, పడుకునే ముందు పసుపు నయం. నీలం ఎక్కువైన వెలుగు రాత్రిపూట నిద్ర హార్మోను మెలటోనిన్‌ను అణిచేస్తుంది.

వెలుగు తగ్గించుకోవాలంటే డబ్బా మీద ‘డిమ్మబుల్’ అని ఉందో లేదో చూసి కొనాలి. మామూలు ఎల్‌ఈడీని ఫ్యాన్ రెగ్యులేటరుకు తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది, త్వరగా పాడవుతుంది కూడా. కందిలికి ఆ బాధ లేదు. పక్కనున్న చిన్న మర వెనక్కి తిప్పితే వత్తి దిగేది, అర్రలో పసిపిల్ల నిద్రపోయేది.