పసిబిడ్డ పాలసీసా శుభ్రత

పాలకేంద్రానికి తెచ్చే క్యాను విషయంలో మన సభ్యులు ఎంతో జాగ్రత్త పడతారు. మూత అంచున నిన్నటి జిడ్డు మిగిలితే పాలు విరుగుతాయని, విరిగిన పాలను సంఘం తీసుకోదని అందరికీ తెలుసు. అదే ఇంట్లో పసిబిడ్డ పాలసీసాను చెంబెడు నీళ్లతో జాడించి, చీరచెంగుతో తుడిచి ఊరుకొనేవారున్నారు. క్యాను చెడితే పాలు పోతాయి. సీసా చెడితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. ఆ వయసులో ఆవుపాలు, గేదెపాలు పట్టరాదు. పాలు అమ్ముకొనే మేమే ఈ మాట చెప్పవలసి ఉన్నది. వైద్యుని సలహాపై విడిగా పాలు పట్టవలసివస్తే సీసాకన్నా ఉగ్గుగిన్నె మేలు. జిడ్డు దాగే సందులు దానికి తక్కువ.

సీసాయే వాడేవారు, పాలు పట్టిన వెంటనే దానిని చన్నీళ్లతో కడగాలి. ముందే వేడినీళ్లు పోస్తే పాలు లోపల అంటుకుపోతాయి. ఆ తరువాత సబ్బు, వేడినీళ్లు, బ్రష్షుతో తోమాలి. రబ్బరు పీకను తిరగవేసి మరీ తోమాలి. జిడ్డు వదలని సీసాను ఎంత మరిగించినా ప్రయోజనం లేదు. శుభ్రపడిన సీసా, పీక, మూత గిన్నెలో పూర్తిగా మునగాలి, లోపల గాలి ఉండరాదు. నీళ్లు మరగడం మొదలైనప్పటినుంచి 10 నిమిషాలు ఉంచి, దించి, వాడేవరకు మూత తీయకూడదు. చేతులు సబ్బుతో కడుక్కొని తీయాలి. గుడ్డతో తుడవవద్దు. ఉగ్గుగిన్నెకూ ఇదే పద్ధతి. చిట్లిన పీకను, బిడ్డ విడిచిన పాలను దాచక పారవేయండి.