మీకు తెలుసా? మూడూ గెలిచింది ఒక్కడే!

మొనాకో గ్రాండ్ ప్రీ, ఇండియానాపొలిస్ 500, లే మాన్స్ 24 గంటల రేసు... ఈ మూడింటినీ గెలిచిన డ్రైవర్ ఇప్పటివరకూ ప్రపంచంలో ఒక్కరే. ఆయన ఇంగ్లండ్‌కు చెందిన గ్రాహం హిల్. 24 ఏళ్లు వచ్చేదాకా ఆయనకు డ్రైవింగ్ లైసెన్సే లేదు!

మొనాకోలో ఊరి వీధులే ట్రాక్. అక్కడి హెయిర్‌పిన్ మలుపులో ఫార్ములా వన్ కారు కూడా గంటకు 50 కిలోమీటర్లకు అటూఇటూగా తగ్గి, స్టీరింగ్ పూర్తిగా తిప్పుకుంటూ రెయిలింగ్‌ను ఒరుసుకోకుండా బయటపడాలి. ఇండియానాపొలిస్‌లో ఉన్నవి నాలుగే మలుపులు, అన్నీ ఎడమవైపే. కానీ ఇప్పటి కార్లు గంటకు 350 కిలోమీటర్లు దాటే వేగంతో, గోడ పక్కనే 200 ల్యాప్‌లు తిరగాలి. లే మాన్స్‌లో ఒకే కారును డ్రైవర్లు వంతులవారీగా రాత్రంతా, వాన పడినా సరే, నడుపుతూనే ఉండాలి. ఒకచోట పనికొచ్చే ఒడుపు మరోచోట అక్కరకు రాదు.

హిల్ మొనాకోను ఐదుసార్లు గెలిచారు. 1966లో బరిలోకి దిగిన మొదటిసారే ఇండియానాపొలిస్ ఆయన సొంతమైంది. అన్నింటికన్నా గొప్పది మాత్రం 1972 లే మాన్స్ విజయమే. అంతకు మూడేళ్ల ముందే ప్రమాదంలో రెండు కాళ్లూ విరిగిన మనిషి, 43 ఏళ్ల వయసులో సహ డ్రైవర్ ఆన్రీ పెస్కరోలోతో కలిసి సాధించారు దాన్ని.

మరో డ్రైవర్ ఫెర్నాండో అలోన్సోకు మొనాకో, లే మాన్స్ విజయాలు రెండూ ఉన్నాయి. 2017లో ఇండియానాపొలిస్ కోసం మొనాకోనే వదులుకుని వెళ్తే, ఇంకా 21 ల్యాప్‌లు ఉండగా ఇంజిన్ చెడిపోయింది.