రక్తములోని కావలివాడు

దమ్మపేట ఖమ్మము మైదానమునకును భద్రాచలము మన్నెమునకును నడుమనున్న ఊరు. చుట్టుపట్ల కోయపల్లెలు పెక్కు కలవు. ఈ ప్రాంతపు గిరిజనులలో తరతరములుగా వచ్చుచున్న వ్యాధి యొకటి కలదు. పుట్టినపుడు బిడ్డ ఆరోగ్యముగనే యుండును. ఆరు నెలలు గడచిన పిమ్మట చేతులు, పాదములు వాచును, కన్నులు పచ్చబడును, ఒళ్లు పాలిపోవును. పెరిగిన కొలది ఎముకలలోను కీళ్లలోను భరింపరాని నొప్పులు వచ్చి, బడి మాని మంచము పట్టును. దీనిని వైద్యులు కొడవలి కణ రక్తహీనత, అనగా సికిల్ సెల్ వ్యాధి అందురు.

మొదటి ఆరు నెలలు ఆ బిడ్డను కాపాడినది ఏది? పిమ్మట ఆ రక్షణ ఏల తొలగినది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకుటచేతనే నేడీ వ్యాధికి క్రొత్త చికిత్సలు పుట్టినవి.

మన నెత్తురునకు ఎరుపు నిచ్చునది హీమోగ్లోబిన్ అను మాంసకృత్తు. ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి శరీరమంతటికి పంచుట దాని పని. పెద్దల హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు ఉండును. బీటా గొలుసు 146 పూసల దండవంటిది. అందులో ఆరవ పూస యొక్కటి మారుటయే ఈ వ్యాధికి మూలమని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ కేంబ్రిడ్జిలో కనుగొనెను. అట్టి హీమోగ్లోబిన్ ప్రాణవాయువును విడిచినంతనే పోగులుగా పేనుకొనును. గుండ్రని రక్తకణము కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొనును. నొప్పికి కారణమిదే. మామూలు ఎర్రకణము 120 దినములు బ్రతుకగా, కొడవలి కణము పది, ఇరువది దినములకే నశించును. రక్తహీనతకు కారణమిది.

పసిబిడ్డల రక్తములో కొడవలి కణములు తక్కువగా నుండుటను 1948లో జానెట్ వాట్సన్ అను అమెరికా వైద్యురాలు గుర్తించెను. తల్లి గర్భములోని శిశువునకు బీటా గొలుసులకు బదులు గామా గొలుసులుండును. గామా గొలుసులో ఆ దోషము లేదు. పైగా అది పోగులు పేనుకొనకుండ అడ్డుపడును. పుట్టిన కొన్ని నెలలకు గామా తగ్గి, బీటా దాని స్థానము నాక్రమించును. అప్పుడే వ్యాధి బయటపడును.

అయితే గామా గొలుసును తయారుచేయు జన్యువు నశింపలేదు, మూతపడినది, అంతే. మన శరీరములో దాదాపు ప్రతి జీవకణమునందును జన్యువులన్నియు ఉండును. ఆకాశమున అన్ని కేంద్రముల తరంగములున్నను మీట త్రిప్పి పట్టిన కేంద్రమే మన రేడియోలో వినబడును గదా! కణములో ఏ జన్యువు పలుకవలెనో, ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించునవి నియంత్రక మాంసకృత్తులు. గామా జన్యువును నొక్కిపట్టు కావలివాని పేరు బి.సి.ఎల్.11ఎ. ఈ సంగతిని 2008లో బోస్టన్ నగరమున విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఓర్కిన్ ప్రభృతులు వెల్లడించిరి.

కావలివానిని తొలగించినచో సరిపోదా? అది అంత సులభము కాదు. ఇదే మాంసకృత్తు మెదడు ఎదుగుదలకును, రోగములతో పోరాడు తెల్లకణములకును అవసరము. కాని ఎర్రకణముల వంశములో మాత్రమే దానిని పనిచేయించు మీట యొకటి ఆ జన్యువులోనే యున్నదని 2013లో తేలినది. రోగి మూలకణములను వెలికి తీసి, క్రిస్పర్ అను జన్యుకత్తెరతో ఆ మీటను తెంచి, తిరిగి శరీరములోనికి ఎక్కించు చికిత్సయే కేస్‌జెవీ. దీనిని 2023లో బ్రిటను, అమెరికా ప్రభుత్వములు అనుమతించినవి. పరీక్షలలో పరిశీలింపబడిన 31 మందిలో 29 మందికి ఏడాదిపాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అయితే ముందుగా బలమైన మందులతో ఎముకల మూలుగను ఖాళీ చేయవలెను. అమెరికాలో దీని ధర ఇరువదిరెండు లక్షల డాలర్లు.

మాత్ర రూపమున ఇట్టి మందు దొరకదా యని శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. మందు పనిచేయుటకు మాంసకృత్తులో అది కుదురుకొను గుంట యుండవలెను. నియంత్రక మాంసకృత్తులలో అట్టివి అరుదు. అందుచే వానిని అడ్డగించుటకు బదులు, కణముచేతనే విరుగగొట్టించు ఉపాయము నవలంబించుచున్నారు. గామాను అణచు విజ్ అను మరియొక కావలివానిని ఇట్లు తొలగించు రసాయనమును గూర్చి 2024లో ప్రకటించిరి. అది ఇంకను ప్రయోగదశ లోనిదే.

మరి నేటి రోగికి దిక్కేమి? హైడ్రాక్సీయూరియా అను చౌకయైన మందు గామా గొలుసుల నుత్పత్తి చేయించి నొప్పులను తగ్గించును. అమెరికాలో 1998 నుండి దీనిని ఈ వ్యాధికి అనుమతించిరి. వైద్యుని పర్యవేక్షణలో, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనుచు వాడవలెను, గర్భిణులకు తగదు.

ఈ దోషము మన్నెములలో ఏల హెచ్చు? తల్లినుండి గాని, తండ్రినుండి గాని ఒక్కరినుండియే దోషము వచ్చినవారిని వాహకులందురు. వారు సామాన్యముగా ఆరోగ్యవంతులే. ప్రాణాంతకమగు మలేరియా వారిపై అంత తీవ్రముగా పనిచేయదని 1954లో ఆంటొనీ ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించెను. దోమలు ప్రబలిన అడవులలో అది కవచమైనది. కాని దంపతు లిరువురును వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు.

భారత ప్రభుత్వము 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో కూడిన 17 రాష్ట్రములలో, నలుబది యేండ్ల లోపువారిని ఏడు కోట్ల మందిని పరీక్షించుట దాని సంకల్పము. మేనరికములు వాడుకగానున్న కుటుంబములలో జాతకము కంటె ముందు చూడవలసినది ఈ పరీక్షాఫలితమే. ఇది శాపమని గాని, తల్లి దోషమని గాని తలపరాదు. ఇరువురినుండియు వచ్చిన ఒక్క పూస మార్పు మాత్రమే. కావలివానిని ఏమార్చు మాత్ర మన్నెమునకు చేరువరకును, వేలికొనపై తీయు నెత్తుటిబొట్టు రేపటి బిడ్డలను కాపాడగలదు.